యుఫోనియా: బదనిక పండ్ల మీద బతికే చిన్న పిట్ట గురించి కొన్ని ప్రశ్నలు

చిటారుకొమ్మ:

సభ్యులందరికీ నమస్కారం. మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా, కరీబియన్ దీవులతో సహా, ఉష్ణమండల అడవుల చెట్ల పందిరిలో బతికే యుఫోనియా పిట్టల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఇవి చాలా చిన్నవి. ఎక్కువ జాతులు 10, 11 సెంటీమీటర్ల పొడవుకు మించవు, బరువు కూడా 15 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. చాలా జాతులలో మగపిట్ట వీపు ఊదారంగు తళుకుతో నల్లగానూ, పొట్ట నిండు పసుపుగానూ ఉంటే, ఆడపిట్ట లేత ఆకుపచ్చ రంగులో ఆకుల్లో కలిసిపోతుంది.

నాకు అంతుపట్టనిది దీని ఆహారం. పండ్లు తినే పక్షులలో చాలావరకు పురుగులను కూడా గట్టిగానే పట్టుకుంటాయి, కనీసం పిల్లలను పెంచే కాలంలోనైనా. యుఫోనియా మాత్రం పురుగుల జోలికి అరుదుగా వెళుతుందనీ, దాని ఆహారంలో పెద్ద భాగం ఇతర చెట్ల కొమ్మల మీద పెరిగే బదనిక మొక్కల పండ్లేననీ చదివాను. పైగా దానికి కందనకాయ సరిగ్గా ఉండదని ఒకచోట కనిపించింది. నీళ్లూ చక్కెరా తప్ప పెద్దగా ఏమీ లేని పండ్లతో, ఆహారాన్ని నలిపే అవయవం కూడా లేకుండా, ఈ పిట్ట ఎలా బతుకుతోంది? దీనిని ఒకప్పుడు అమెరికా ఖండాల రంగురంగుల పిట్టలైన టానేజర్ల కుటుంబంలో ఉంచి, ఇప్పుడు ఎక్కువగా గింజలు తినే ఫించ్‌ల కుటుంబంలోకి మార్చడానికీ ఈ విషయానికీ ఏమైనా సంబంధం ఉందా? తెలిసినవారు వివరించగలరు.

దుర్భిణి:

జీర్ణవ్యవస్థ గురించి చెప్పగలిగినవారు ఇక్కడ వేరే ఉన్నారు కనుక, నేను పక్షిని చూసిన అనుభవం మేరకే రాస్తాను. యుఫోనియాను నేల మీద నిలబడి చూడటం మెడకు శిక్ష. చెట్ల పందిరి ఎత్తుకు కట్టిన బురుజుల నుంచి చూస్తేనే దాని దినచర్య అర్థమవుతుంది. పనామాలోని సోబరానియా జాతీయోద్యానంలో పాత రాడార్ కేంద్రాన్ని మార్చి ఏర్పాటు చేసిన బురుజు ఇందుకు బాగా పేరున్న చోటు. ట్రినిడాడ్‌లోని అరిమా లోయలో ఉన్న ఆసా రైట్ ప్రకృతి కేంద్రం వసారాలో అయితే వయలేషియస్ అనే జాతి యుఫోనియాలు పండ్ల పళ్లేల దగ్గరికే వచ్చేవి.

గమనించిన మేరకు చెప్పాలంటే, ఇది కొమ్మ మీద నింపాదిగా కూర్చునే పిట్ట కాదు. టానేజర్లు కలిసి తిరిగే మిశ్రమ గుంపుల వెంట కొంతదూరం వెళుతుంది, ఇంతలో ఏదో ఒక బదనిక గుబురు కనబడగానే గుంపును వదిలేసి అక్కడే ఆగిపోతుంది. పండును ముక్కుతో నొక్కి, తొక్కను జారవిడిచి, లోపలి గుజ్జును గింజతో సహా మింగుతుంది. కాసేపటికే తోక కింద నుంచి జిగురు దారాలు వేలాడతాయి. అప్పుడు అది కొమ్మ మీద పక్కకు జరుగుతూ ఒళ్లు వంచి ఆ దారాలను బెరడుకు రాసేస్తుంది. చూడటానికి అంత శోభాయమానమైన దృశ్యం కాదు కానీ, చిటారుకొమ్మ గారి ప్రశ్నకు సమాధానంలో సగం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈకలపెట్టె:

దుర్భిణి గారు సగం చెప్పారు, మిగతా సగం పిట్ట కడుపులో ఉంది. ఈ సంగతి కొత్తగా కనుక్కున్నది కాదు. బ్రెజిల్ గుహలలోని శిలాజాల అధ్యయనంతో తరువాతి కాలంలో ప్రసిద్ధుడైన డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ విల్హెల్మ్ లుండ్, 1829లోనే యుఫోనియాల ఆహారనాళపు విచిత్ర నిర్మాణం మీద లాటిన్ భాషలో ఒక గ్రంథం రాశాడు. ఆ తరువాత ఇంగ్లండుకు చెందిన విలియం ఫోర్బ్స్ 1880లో టానేజర్లుగా అప్పట్లో లెక్కించిన పక్షుల జఠర నిర్మాణాన్ని పరిశీలిస్తూ ఇదే విషయాన్ని మళ్లీ వివరించాడు.

మామూలుగా పక్షి జఠరంలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది జీర్ణరసాలు ఊరే గ్రంథి జఠరం, రెండవది దళసరి కండరాలతో తిరగలిలా పనిచేసే కందనకాయ. గింజలు తినే పక్షికి ఈ కందనకాయ ఎంత బలంగా ఉంటే అంత మంచిది. యుఫోనియాలో ఈ భాగం క్షీణించి, పలుచని గోడ ఉన్న చిన్న పట్టీగా మాత్రమే మిగిలింది. దాదాపు మొత్తం నాళం ఒక సాఫీ గొట్టంలా కొనసాగుతుంది. కనుక కందనకాయ పూర్తిగా లేదనడం కంటే, నలిపే శక్తిని కోల్పోయిందనడం సరైనది.

దీనివల్ల కలిగే ఫలితం తేలికగానే అర్థమవుతుంది. బదనిక గింజ నలగదు, ఆగదు, త్వరగా బయటికి వెళుతుంది. కడుపు ఎంత త్వరగా ఖాళీ అయితే అంత త్వరగా మరో పండును మింగవచ్చు. పండులో పోషకం పలుచగా ఉన్నప్పుడు, ఒక్కొక్క పండు నుంచి చివరి చుక్క వరకూ పిండుకోవడం కంటే, పైపైన దొరికేదాన్ని తీసుకుంటూ ఎక్కువ పండ్లను నడిపించడమే లాభదాయకం. పిట్ట చిన్నది, దాని రోజువారీ శక్తి ఖర్చు ఒంటి బరువుతో పోలిస్తే పెద్దది. ఎగిరేటప్పుడు పనికిరాని గింజల బరువును మోయకుండా ఉండటం కూడా దానికి అవసరమే.

పత్రహరితం:

మొక్క వైపు నుంచి కూడా ఈ కథను చెప్పాలి, లేకపోతే పిట్ట ఒక్కటే తెలివైనదన్న అభిప్రాయం మిగులుతుంది. అమెరికా ఖండాల ఉష్ణమండలంలో యుఫోనియాలకు ముఖ్యమైన బదనికలు ఫోరాడెండ్రాన్ ప్రజాతికి చెందినవి. స్ట్రుతాంథస్ వంటి ఇతర ప్రజాతులు కూడా ఉన్నాయి. ఇవి అర్ధ పరాన్నజీవులు. వీటి ఆకులలో పత్రహరితం ఉంది కనుక చక్కెరను స్వయంగా తయారు చేసుకుంటాయి. నీటినీ ఖనిజ లవణాలనూ మాత్రం ఆతిథేయి చెట్టు కొమ్మలోకి హాస్టోరియం అనే అంగాన్ని దించి లాక్కుంటాయి.

ఇటువంటి మొక్కకు గింజల వ్యాప్తి ఒక కఠినమైన సమస్య. గింజ నేల మీద పడితే వృథా. ఎండిన కొమ్మ మీద పడినా వృథా. బాగా ముదిరి బెరడు దళసరిగా మారిన కాండం మీద పడినా మొలక లోపలికి దిగలేదు. సరైన జాతి చెట్టు మీద, బతికున్న సన్నని కొమ్మ మీద, వెలుతురు తగిలే చోట అది అతుక్కోవాలి. అందుకే గింజ చుట్టూ విస్సిన్ అనే జిగురు పొర ఉంటుంది. పిట్ట ఆహారనాళం దాటి వచ్చిన తరువాత కూడా ఆ జిగురు పట్టు పోదు. బదనిక గింజకు ఇతర గింజలకు ఉన్నట్టు అసలైన గట్టి పైపొర ఉండదన్న విషయాన్ని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. బలమైన కందనకాయ ఉన్న పక్షి మింగితే ఆ గింజ పిండి అయిపోతుంది. నలపలేని కడుపు ఉన్న పిట్ట మాత్రమే దానికి పనికివస్తుంది. తిన్న పిట్ట తిరిగి మరో బదనిక గుబురునే వెదుక్కుంటూ ఎత్తైన సన్నకొమ్మల మీదే తిరుగుతుంది కనుక, గింజ పడవలసిన చోటుకు దగ్గరగా పడే అవకాశం పెరుగుతుంది.

తీరికపాఠకుడు:

వివరణలు బాగున్నాయి. అయితే రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, పిట్ట గింజను కొమ్మకు రాసి 'నాటుతుంది' అన్నట్టుగా చాలాచోట్ల రాస్తున్నారు. ఒంటికి అంటిన జిగురును వదిలించుకోవడానికి ఏ ప్రాణి అయినా చేసే పనిని వ్యవసాయంగా వర్ణించడం నాకు అతిశయోక్తిగా తోస్తుంది. రెండవది, బదనిక చెట్టును పీల్చే మొక్క. దానిని అడవి అంతటా వ్యాపింపజేసే పిట్టను అడవికి మేలు చేసేదిగా ఎందుకు చూపుతున్నాం? అడవి అంటే చెట్లే కదా.

పత్రహరితం:

తీరికపాఠకుడు గారి మొదటి అభ్యంతరాన్ని పూర్తిగా అంగీకరిస్తున్నాను. పిట్టకు ఉద్దేశాన్ని ఆపాదించవలసిన అవసరం లేదు. జిగురు వదలకపోవడం మొక్క సంపాదించుకున్న గుణం, దానిని వదిలించుకోవడం పిట్ట అవసరం. ఈ రెండూ కలిసిన చోట గింజ కొమ్మకు అంటుకుంటుంది.

రెండవ విషయంలో మాత్రం విభేదిస్తాను. బదనిక విపరీతంగా పెరిగితే ఆతిథేయి చెట్టు బలహీనపడుతుందన్నది నిజమే. కానీ పరాన్నజీవికి ఆతిథేయి చనిపోవడం వల్ల లాభం లేదు, ఎందుకంటే చెట్టు పోతే దానితో పాటు బదనిక కూడా పోతుంది. పైగా బదనిక గుబురు చెట్ల పందిరిలో పండ్లకూ తేనెకూ నీడకూ గూళ్లకూ ఆధారమవుతుంది. డేవిడ్ వాట్సన్ అనే ఆస్ట్రేలియా పర్యావరణ శాస్త్రవేత్త 2001లో, అడవులలో బదనిక ఒక కీలక వనరు అన్న వాదాన్ని ప్రపంచవ్యాప్త ఆధారాలతో ముందుకు తెచ్చాడు. ఆ తరువాత ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని కొన్ని చెట్లతోపుల నుంచి బదనికను పూర్తిగా తీసివేసి చూస్తే, కేవలం దాని పండ్లు తినే పక్షులే కాక పురుగులు తినే పక్షుల జాతులు కూడా తగ్గాయని 2012లో ఆయన బృందం ప్రచురించింది. రాలిన బదనిక ఆకులు నేలను సారవంతం చేసి పురుగులను పెంచడమే అందుకు కారణమని వారు వివరించారు. అది వర్షారణ్యం కాదు, అక్కడ యుఫోనియాలు లేవు. ఆ ఫలితాన్ని అమెజాన్‌కు ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. అయినా 'చెట్టును పీల్చేది కనుక అడవికి చెడు' అన్న లెక్క అంత సూటిగా నిలవదని చెప్పడానికి అది చాలు.

ఈకలపెట్టె:

బదనిక పండ్లు తినే పక్షుల గురించి మాట్లాడుతున్నప్పుడు ఆసియా అడవులలోని ఫ్లవర్‌పెక్కర్లను ప్రస్తావించకుండా ఉండలేను. అవి యుఫోనియాలకు దగ్గరి బంధువులు కావు, వేరే కుటుంబం. అవి కూడా అరచేతిలో ఇమిడే చిన్న పిట్టలే, బదనిక పండ్లకు అలవాటు పడ్డవే. కానీ వాటి కడుపు అదే సమస్యను వేరే దారిలో పరిష్కరించింది. వాటిలో కొన్నింటికి కందనకాయ ఉంటుంది, అయితే అది ప్రధాన మార్గానికి పక్కగా ఒక తిత్తిలా వేలాడుతుంది. పురుగును మింగితే అది ఆ తిత్తిలోకి వెళ్లి నలుగుతుంది, పండును మింగితే తిత్తి జోలికి పోకుండా నేరుగా పేగులోకి జారుతుంది. యుఫోనియా నలిపే ఏర్పాటునే వదులుకుంది, ఫ్లవర్‌పెక్కర్ దానిని పక్కన పెట్టుకుంది. రెండింటిలో ఏది మెరుగైన ఏర్పాటు అని నన్ను అడిగితే, పురుగులను కూడా తినగలిగే దారి తెరిచి ఉంచుకున్న రెండవదే అంటాను. అయితే అమెరికా ఖండాలలో ముప్పైకి పైగా జాతులుగా విస్తరించిన యుఫోనియాలూ వాటి దగ్గరి బంధువులైన క్లోరోఫోనియాలూ ఆ మాటను పట్టించుకున్నట్టు లేదు.

ఇక ప్రోటీన్ విషయం. పండ్ల మీదా తేనె మీదా బతికే పక్షులకు, గింజలూ మాంసమూ తినే పక్షులతో పోలిస్తే రోజుకు కావలసిన నత్రజని తక్కువగా ఉంటుందని శరీరధర్మ పరిశోధనలు చూపుతున్నాయి. అంటే తక్కువ ప్రోటీన్‌తో గడుపుకోవడం యుఫోనియా శరీరానికే అలవాటు. దానికి తోడు, తినే పండ్ల సంఖ్య ఎక్కువ కనుక ఒక్కొక్క దానిలో ఉన్న కొద్దిపాటి ప్రోటీన్ కూడా కలిసి లెక్కకు వస్తుంది. పురుగులను అసలు ముట్టదని కూడా అనలేం. చిన్న సాలెపురుగులూ పురుగులూ అప్పుడప్పుడు దాని ముక్కున పడతాయి. ప్రధాన ఆధారం మాత్రం అవి కావు.

చిటారుకొమ్మ:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. అయితే పెద్దపిట్ట తక్కువ ప్రోటీన్‌తో గడుపుకోవచ్చు కానీ పెరిగే పిల్లల సంగతి ఏమిటి? ఈకలూ కండరాలూ ఏర్పడే దశలో పిల్లకు ప్రోటీన్ తప్పనిసరి కదా. ఇదివరకు అన్నట్టు చాలా ఫలాహార పక్షులు పిల్లలకు పురుగులు పెట్టడానికి కారణం అదే. యుఫోనియా ఈ చిక్కును ఎలా దాటుతుంది?

గడ్డిపోచ:

గూళ్ల మీద ఆసక్తి ఉన్నదాన్ని కనుక ఈ ప్రశ్నకు నేను బదులిస్తాను. యుఫోనియా గూడు టానేజర్లు కట్టే దొప్ప గూడు లాంటిది కాదు. నాచుతోనూ పీచుతోనూ ఆకులతోనూ గుండ్రంగా, పైకప్పుతో, పక్కన ద్వారంతో కడుతుంది. చెట్ల మీద పెరిగే మొక్కల గుబురులోనో, మోడు తొర్రలోనో, నేలగట్టు సందులోనో దానిని ఇరికిస్తుంది. వయలేషియస్ యుఫోనియా నాలుగు దాకా గుడ్లు పెడుతుంది. ఉష్ణమండలంలో చాలా టానేజర్లు రెండింటితో సరిపెట్టుకుంటాయి. పొదగడం ఆడపిట్ట పని. పిల్లలు పుట్టాక ఇద్దరూ మేపుతారు.

మేపే తీరులో అసలు విషయం ఉంది. పురుగును ముక్కున కరచుకుని గూటికి తెచ్చే పిట్టను దూరం నుంచి గుర్తు పట్టవచ్చు. యుఫోనియా జంట గూటికి వచ్చినప్పుడు ముక్కు ఖాళీగా కనిపిస్తుంది, ఎందుకంటే మేత గొంతులోపల ఉంటుంది. అది వచ్చి, కడుపులోని పండ్ల గుజ్జును పైకి తెచ్చుకుని ఒక్కొక్క పిల్ల నోటిలో పెడుతుంది. ఒక్కసారి వచ్చినప్పుడే చాలా మేత అందుతుంది కనుక రాకపోకలు తక్కువ, రాకపోకలు తక్కువైనప్పుడు వేటజంతువుల కంట పడే ముప్పు తక్కువ. కప్పు ఉన్న గూడు ఆ ముప్పును ఇంకా తగ్గిస్తుంది.

ఈ ఏర్పాటుకు పిల్లలు చెల్లించే మూల్యం కాలం. ఈ సైజు టానేజర్ పిల్లలు రెండు వారాల లోపే గూడు వదిలితే, యుఫోనియా పిల్లలు అంతకంటే చాలా ఎక్కువ రోజులు గూటిలోనే ఉంటాయి. తక్కువ ప్రోటీన్‌తో పెరుగుదల నెమ్మదిస్తుంది. ట్రినిడాడ్‌లో డేవిడ్ స్నో అధ్యయనం చేసిన ఆయిల్‌బర్డ్ కూడా పండ్లతోనే పిల్లలను పెంచే పక్షి. పరిమాణంలో దీనికీ దానికీ పోలికే లేకున్నా, దాని పిల్లలు గూటిలో ఇంచుమించు మూడు నెలలకు పైగా ఉంటాయి. నెమ్మదిగా పెరిగే పిల్లకు భద్రమైన గూడు కావాలి. ఆయిల్‌బర్డ్‌కు గుహ ఉంది, యుఫోనియాకు కప్పున్న గూడు ఉంది.

తీరికపాఠకుడు:

గడ్డిపోచ గారి వివరణ నన్ను ఒప్పించింది. ఇక చిటారుకొమ్మ గారి చివరి ప్రశ్న మిగిలింది. ఈ పిట్ట పండ్లు తింటుంది, టానేజర్లతో తిరుగుతుంది, టానేజర్లలాగే రంగురంగులుగా ఉంటుంది. గింజలు నమిలే ఫించ్‌ల కుటుంబంలో దీనిని చేర్చడం చూస్తే, డీఎన్ఏ ఏది చెబితే దానికి తల ఊపడం తప్ప పక్షిని చూడటం మానేశామా అన్న అనుమానం కలుగుతుంది.

ఈకలపెట్టె:

అనుమానం న్యాయమే, కానీ ఈ సందర్భంలో డీఎన్ఏ కంటే ముందే పక్షి చెప్పింది. 1758లో లిన్నేయస్ వయలేషియస్ యుఫోనియాకు పేరు పెట్టినప్పుడు దానిని ఫ్రింజిల్లా ప్రజాతిలో, అంటే ఫించ్‌లలోనే చేర్చాడు. అప్పట్లో ఆ ప్రజాతిలో సంబంధం లేని పిట్టలు కూడా చాలా ఉన్నాయి కనుక దీనిని ఆయన దూరదృష్టి అనలేం, యాదృచ్ఛికమనే అనుకోవాలి. యుఫోనియా అన్న ప్రజాతిని 1806లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త దెమారే ఏర్పరిచాడు. ఆ తరువాత దాదాపు మొత్తం ఇరవయ్యో శతాబ్దం ఇవి టానేజర్లుగానే చలామణి అయ్యాయి. జన్యుపరమైన అధ్యయనాలు వేరే దారి చూపించాక, అమెరికా పక్షిశాస్త్ర సంఘపు జాబితా 2000 దశకం తొలి సంవత్సరాలలో వీటిని ఫ్రింజిల్లిడే, అంటే ఫించ్‌ల కుటుంబానికి మార్చింది.

ఇప్పుడు గడ్డిపోచ గారు చెప్పిన మేపే తీరును మళ్లీ చూడండి. కడుపులోని మేతను పైకి తెచ్చి పిల్లలకు పెట్టడం గోల్డ్‌ఫించ్, సిస్కిన్ వంటి ఫించ్‌ల అలవాటు. టానేజర్లు సాధారణంగా మేతను ముక్కున పట్టుకుని తెస్తాయి. అంటే టానేజర్లలో విడ్డూరంగా కనిపించిన అలవాటు ఫించ్‌లలో మామూలు అలవాటుగా మారిపోయింది. రంగుల సంగతికి వస్తే, ఒకే అడవిలో ఒకే ఆహారం మీద బతికే పక్షులు ఒకే రకంగా కనిపించడం బంధుత్వానికి రుజువు కాదు. హవాయి దీవులలో పూలతేనె తాగే వంపు ముక్కు హనీక్రీపర్లు కూడా ఫించ్‌లేనని ఒప్పుకున్న తరువాత, పండ్లు తినే ఫించ్ ఉండటంలో వింత ఏముంది? ఇటీవల నీలిరంగు తల ఉన్న మూడు యుఫోనియాలను పక్క ప్రజాతి అయిన క్లోరోఫోనియాకు మార్చారు కనుక, పాత పుస్తకాలలోని పేర్లను చూసేవారు కొంచెం జాగ్రత్త వహించాలి.

కూతపట్టు:

ఇంతసేపూ పొట్ట గురించే మాట్లాడుకున్నాం, గొంతు గురించి ఎవరూ రాయలేదు. థిక్-బిల్డ్ యుఫోనియా మగపిట్టలు ఇతర పక్షుల కూతలను అనుకరిస్తాయి. అనుకరించే పక్షులు లోకంలో చాలా ఉన్నాయి. కానీ ఇది ప్రధానంగా ఇతర జాతుల ప్రమాద కూతలను, అంటే శత్రువు కనబడినప్పుడు అవి చేసే అరుపులను ఎంచుకుంటుంది. యూజీన్ మోర్టన్ 1976లో ప్రచురించిన చిన్న వ్యాసంలో దీనికి ఇచ్చిన వివరణ ఆసక్తికరమైనది. గూటి దగ్గరికి శత్రువు వస్తే, యుఫోనియా తన సొంత అరుపుతో కాక ఆ చుట్టుపక్కల కాపురమున్న ఇతర పక్షుల అరుపులతో అలజడి చేస్తుంది. తమ వాళ్లే అరిచారనుకుని ఆ పక్షులు వచ్చి శత్రువును చుట్టుముట్టి తరుముతాయి. పదిహేను గ్రాముల పిట్ట తాను ముందుకు వెళ్లకుండానే ఇరుగుపొరుగు చేత గూటికి కాపలా పెట్టించుకుంటుందన్నమాట.

నెమ్మదిగా పెరిగే పిల్లలకు భద్రత అవసరమన్న గడ్డిపోచ గారి మాటకు ఇది చక్కగా అతుకుతుంది.

దుర్భిణి:

అతుకుతుంది కానీ, అన్ని అనుకరణలనూ ఆ ఒక్క కారణంతో వివరించవచ్చునా అన్నది నా సందేహం. వయలేషియస్ యుఫోనియా గూటికి ఎంతో దూరంగా, ఏ శత్రువూ లేని వేళ, నిండు ఎండలో కొమ్మ చివర కూర్చుని ఇతర పక్షుల కూతలను తన పాటలో కలుపుకుంటూ చాలాసేపు పాడుతుంది. అది జంట కోసమో, సరిహద్దు కోసమో పాడే పాటగానే నాకు తోస్తుంది. ప్రమాద కూతల వాడకం ఒకటి, పాటలో కలిపే అనుకరణ మరొకటి అని విడదీసి చూడటం మంచిది.

ఆ పాటే దానికి ముప్పు కూడా తెచ్చిపెట్టింది. ట్రినిడాడ్‌లో 'సెంప్' అనీ, బ్రెజిల్‌లో 'గతురామో' అనీ పిలిచే ఈ పిట్టలను పాట కోసం పట్టి పంజరాలలో పెంచడం చాలాకాలంగా ఉంది. పండ్లతో త్వరత్వరగా కడుపు నింపుకుని ఖాళీ చేసుకునే పక్షికి గింజల మేత పెట్టి పంజరంలో ఉంచడం ఎంత అనర్థమో ఈకలపెట్టె గారి మొదటి వ్యాఖ్య చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

చిటారుకొమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. మగపిట్టలు చాలావరకు ఒకేలా కనిపిస్తున్నాయి, ఆడపిట్టలు మరీనూ. ఒక జాతిని మరొక జాతి నుంచి విడదీసి గుర్తించడానికి దేనిని చూడాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

దుర్భిణి:

మగపిట్టలో మొదట గొంతు చూడాలి. ఎక్కువ జాతుల మగపిట్టలకు గొంతు నల్లగా ఉండి, దాని కింద నుంచి పసుపు మొదలవుతుంది. పర్పుల్-థ్రోటెడ్ యుఫోనియా ఇందుకు ఉదాహరణ. వయలేషియస్‌లోనూ థిక్-బిల్డ్‌లోనూ గొంతు కూడా పసుపే. ఆ రెండింటినీ వేరు చేయడానికి నుదుటి పసుపు చూడాలి. థిక్-బిల్డ్‌లో అది కన్ను దాటి నడినెత్తి దాకా వెనక్కి సాగుతుంది, వయలేషియస్‌లో ముందు భాగంలోనే ఆగుతుంది. రూఫస్-బెల్లీడ్ వంటి అమెజాన్ జాతిలో పొట్ట పసుపు కాక ముదురు నారింజ వైపు మొగ్గుతుంది. కింద నుంచి మాత్రమే చూడగలిగినప్పుడు తోక కింది ఈకల రంగు పనికివస్తుంది, వైట్-వెంటెడ్ జాతిలో అది తెలుపు. జమైకా యుఫోనియా మాత్రం ఈ లెక్కలన్నింటికీ బయట, మగపిట్ట కూడా బూడిద నీలంగా ఉంటుంది. ఆ దీవిలో వేరే యుఫోనియా లేదు కనుక అక్కడ తికమక రాదు. ఆడపిట్టను ఒంటరిగా చూసి పేరు చెప్పేవారి మాట మీద నాకు నమ్మకం తక్కువ. పక్కన ఉన్న మగపిట్టను చూసి రాసుకోవడమే నిజాయితీ.

పత్రహరితం:

వెదకడం గురించి ఒక్క మాట చేరుస్తాను. ఈ పిట్ట కోసం చెట్ల పందిరి అంతా గాలించడం కంటే ముందుగా బదనిక గుబుర్లను గుర్తించడం తేలిక. ఆతిథేయి చెట్టు ఆకుల రంగుకు కాస్త భిన్నంగా, పసుపు ఛాయతో, కొమ్మ మధ్యలో ముద్దలా కనిపిస్తాయి. వెలుతురు ఎక్కువ కనుక అడవి అంచులలోనూ, కోకో, కాఫీ తోటలకు నీడ కోసం ఉంచిన పెద్ద చెట్ల మీదా ఇవి దండిగా పెరుగుతాయి, యుఫోనియాలు కూడా అక్కడికి వస్తాయి. నీడచెట్ల నుంచి బదనికను పూర్తిగా నరికివేసే తోటలలో వాటికి ఆ ఆసరా పోతుంది.

బదనిక పండ్లు లేని రోజులలో అవి అత్తి జాతి చెట్ల చిన్న పండ్లకూ, మైకోనియా పొదల పండ్లకూ, చెట్ల మీద వేలాడే రిప్సాలిస్ అనే ముళ్లులేని కాక్టస్ పండ్లకూ వెళతాయి. కోస్టారికాలో డగ్లస్ లేవీ 1987లో వెలువరించిన పరిశీలన ప్రకారం, పండును ముక్కుతో నలిపి తినే టానేజర్లూ ఫించ్‌లూ రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద గింజలను చాలావరకు మింగకుండా కింద వదిలేస్తాయి. అత్తి, మైకోనియా, రిప్సాలిస్ గింజలన్నీ ఆ కొలతకు లోపలివే కనుక పిట్టతో పాటు ప్రయాణం చేస్తాయి. బదనిక గింజ అంతకంటే పెద్దదే అయినా, జిగురు దానిని గుజ్జు నుంచి విడిపోనివ్వదు కనుక పిట్ట దానిని మింగక తప్పదు. రిప్సాలిస్ గింజకు కూడా కొంత జిగురు ఉంటుంది, అది కూడా కొమ్మ మీదే మొలకెత్తాలి. కనుక దుర్భిణి గారు చెప్పిన ఆ కొమ్మకు రాసే అలవాటు వల్ల లాభపడుతున్నది బదనిక ఒక్కటే కాదు.